నగలు తీసి పాడటం

ఆదివారం పొద్దున్న మా హాల్లో ఏడుగురు పిల్లలు చాప మీద కూర్చుంటారు. పాట నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు. పోయిన నెల వాళ్లలో తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకతె పాత లలితగీతం అందుకుంది. రెండున్నర నిమిషాల పాటను నాలుగు నిమిషాలు పాడింది. పల్లవికి ఆరు సంగతులు వేసింది. ప్రతి చరణం చివరా గొంతు మేడ మెట్లెక్కి దిగింది. ఆఖర్న పై షడ్జం పట్టుకుని ఊపిరి ఖాళీ అయ్యేదాకా వదల్లేదు. మిగతా ఆరుగురూ చప్పట్లు కొట్టారు.

"బావుందా టీచర్?"

బావుంది. శ్రుతి నిలబడింది, తాళం ఎక్కడా జారలేదు. కాకపోతే ఆ పాట దేని గురించో నాకు చెవికెక్కలేదు. ఆ ముక్క అనబోయి ఆగిపోయాను. ఆ వయసులో నేనూ అంతే మరి.

నాకు పదిహేడేళ్లప్పుడు ఒక పోటీలో కీర్తన పాడాను. ఉన్న సరుకంతా అందులో గుమ్మరించాను. పాట అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దావిడ కళ్లజోడు కిందికి జార్చి, "చరణంలో ఆ రెండో మాటకి అర్థం ఏవిటమ్మా?" అని అడిగింది. నాకు తెలీదు. తెలీకపోవడం అలా ఉంచి, ఆ మాటను సరిగ్గా నడిమధ్యలో విరిచి అక్కడ ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఆవిడ తిట్టలేదు, నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకుని "వెళ్లి కూర్చో తల్లీ" అంది. తిట్టినా బావుండేది.

చాలా ఏళ్ల తర్వాత, న్యూజెర్సీలో ఉండే మా అన్నయ్య వస్తూ వస్తూ ఒక సీడీ తెచ్చాడు. అట్ట మీద బార్బరా కుక్ అని ఉంది. నాకు ఇంగ్లీషు పాటలతో పెద్దగా పరిచయం లేదు. వాళ్ల రంగస్థలం పాటలతో అయితే అసలే లేదు. ఊరికే పెట్టాను. రెండో పాటకి వంటింట్లోంచి వచ్చి కూర్చున్నాను. ఇంగ్లీషు పాటలో ప్రతి మాటా కాగితం చూడకుండా అర్థం కావడం నాకు అదే మొదలు. అప్పట్నుంచి ఆవిడ పాడినవీ, ఆవిడ గురించి రాసినవీ దొరికినంతవరకు పోగేశాను. గురువు అనే మాట తేలిగ్గా వాడకూడదుగానీ, చూడని మనిషి దగ్గర నేను నేర్చుకున్నది తక్కువేమీ కాదు.

బార్బరా కుక్ 1927 అక్టోబర్ 25న అట్లాంటాలో పుట్టింది. తండ్రి ఊరూరా తిరిగి టోపీలు అమ్మేవాడు, తల్లి టెలిఫోన్ ఆపరేటర్. బార్బరాకి మూడేళ్లప్పుడు పసిబిడ్డ చెల్లెలు చనిపోయింది. కోరింత దగ్గు, దాని మీద న్యుమోనియా. ఆ దగ్గు ముందు అక్కకి వచ్చి చెల్లికి అంటింది. నీ వల్లే పోయింది అన్నట్టుగా తల్లి ఆ పిల్ల నెత్తిన ఆ నేరం పెట్టింది. కొన్నాళ్లకి తండ్రి ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. అదీ తన వల్లేనేమో అనుకుంది పిల్ల. న్యూయార్క్ వెళ్లేదాకా తల్లి పక్కలోనే పడుకునేదని ఆవిడే చెప్పుకుంది. ఇంత బరువు మోస్తున్న పిల్లకి పాడేటప్పుడు మాత్రం గొంతు తేలిగ్గా లేచేది. దీనికి కారణం వెతికే ఓపిక నాకు లేదు. కొన్ని గొంతులు అంతే.

స్కూలు అయ్యాక టైపిస్టుగా చేసింది. 1948లో తల్లితో కలిసి న్యూయార్క్ చూడటానికి వెళ్లింది. తిరుగు ప్రయాణం నాడు, నేను రాను, ఇక్కడే ఉంటాను అంది. 1951లో 'ఫ్లాహూలీ' అనే నాటకంలో మొదటి వేషం. అది 40 ఆటలకే ఎత్తేశారు. ఆ తర్వాత పాత నాటకాలు మళ్లీ వేసినప్పుడు చిన్నా పెద్దా వేషాలు, ఊళ్లు తిరగడం, 1955లో 'ప్లెయిన్ అండ్ ఫ్యాన్సీ'. నాటకాల వాళ్లందరి కథా ఒకలాగే మొదలవుతుంది కాబట్టి ఇక్కడ ఆగను.

ఆగాల్సింది 1956 దగ్గర. 'కాండీడ్'. వోల్టేర్ నవలకి లియోనార్డ్ బెర్న్‌స్టీన్ సంగీతం కట్టాడు. అందులో బార్బరాది కూనెగోండ్ వేషం. ఆ నాయిక ఎక్కడో పెద్దింట పుట్టి, యుద్ధంలో అన్నీ పోగొట్టుకుని, చివరికి పారిస్‌లో డబ్బున్నవాళ్లకి ఉంపుడుగత్తెగా మిగులుతుంది. అక్కడ ఒక పాట ఉంది, 'గ్లిటర్ అండ్ బీ గే' అని. మొదట నా బతుకు ఇలా అయిందే అని ఏడుస్తుంది. ఆ ఏడుపు నిజంగానే విలంబంలో, కింది స్థాయిలో నడుస్తుంది. ఇంతలో కంటికి నగలు కనబడతాయి. ఒక్కోటీ తీసి పెట్టుకుంటూ నవ్వడం మొదలెడుతుంది. ఆ నవ్వే సంగీతం. హ హ హ అంటూ స్వరాలు పిట్టల్లా పైకి లేచి, మామూలు గొంతులు దండం పెట్టి వెనక్కి తిరిగే చోటికి వెళ్లి, అక్కడ గంతులేస్తాయి. బెర్న్‌స్టీన్ ఇందులో ఒపేరాలోని నగల పాటల్ని వెక్కిరించాడు. చిక్కల్లా ఏమిటంటే, వెక్కిరించాలన్నా ముందు ఆ పాట పాడగలగాలి.

ఒపేరాలో ఇలాంటి పాత్ర పాడేవాళ్లు మర్నాడు గొంతుకి విశ్రాంతి ఇస్తారు. బ్రాడ్‌వేలో ఆ వీలు లేదు. వారానికి ఎనిమిది ఆటలు, రెండు రోజులు మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. ఒంటికి తగిలించుకునే మైకులు ఇంకా రాలేదు. కింద వాద్యబృందం వాయిస్తుంటే, పైన బాల్కనీ చివరి వరసలో చౌక టికెట్టు కొన్నవాడికి కూడా మాట తెలియాలి. వినబడటం వేరు, మాట తెలియడం వేరు. గొంతు పైకి వెళ్లేకొద్దీ అచ్చులన్నీ ఒక్కలా మారిపోతాయి. ఇ, ఎ, ఆ అన్నీ 'ఆ'లోకి దొర్లుతాయి. హల్లులు రాలిపోతాయి. పాడి చూసినవాళ్లకి తెలుసు ఈ బాధ. ఆ నాటకం అప్పటి రికార్డు వినండి, అంత పైన కూడా ఆవిడ హల్లులు ఊడిపోవు. నేను ఆ పాటను స్వరం స్వరం ఆపి ఆపి విన్నాను. ఎక్కడ ఊపిరి తీసుకుందో పట్టుకోవడానికే రెండు సాయంత్రాలు పట్టింది. మాట మధ్యలో ఒక్కచోట కూడా లేదు. నా పదిహేడేళ్ల కీర్తన గుర్తొచ్చింది.

'కాండీడ్' 73 ఆటలతో మూతపడింది. రికార్డు మాత్రం బతికింది. ఆ రికార్డు బతకబట్టే ఆ నాటకం మళ్లీ మళ్లీ లేచింది.

మరుసటి ఏడాది డిసెంబరులో 'ది మ్యూజిక్ మ్యాన్'. అయోవాలో ఒక చిన్న ఊరు. ఒక మాయగాడు దిగుతాడు. మీ పిల్లలకి బ్యాండు నేర్పిస్తానని బాకాలూ డోళ్లూ అంటగట్టి ఉడాయించే రకం. ఆ ఊరి లైబ్రరీలో మేరియన్ అనే అమ్మాయి, వాడి నాటకాన్ని కనిపెట్టే ఒకే ఒక్క మనిషి. బార్బరా కుక్ ఆ మేరియన్. సంగీతం కట్టిన మెరిడిత్ విల్సన్ ఇందులో చేసిన ఒక పని సంగీతం తెలిసినవాళ్లకి చెప్పకుండా ఉండలేను. మాయగాడు బ్యాండు గొప్పలు చెబుతూ పాడే కవాతు పాట ఉంది, 76 ట్రాంబోన్ల పాట. మేరియన్ రాత్రి కిటికీ దగ్గర, ఇంకా ఎదురుపడని తోడుకి శుభరాత్రి చెబుతూ పాడే పాట ఉంది. రెండూ ఒకటే బాణీ! వాడి నోట బూట్ల చప్పుడుతో నడుస్తుంది, ఈ పిల్ల నోట ఊయల ఊగుతుంది. అంతే తేడా. నాటకం చివర్లో ఇద్దరూ ఒకరి పాట ఒకరు అందుకుంటారు. ప్రేమించుకున్నారని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. మన దగ్గర గతి మార్చి పాడటం విద్వత్తు చూపించడానికి వాడతాం. దాంతో కథ చెప్పొచ్చని నాకు తట్టనే లేదు.

ఆ నాటకం 1,375 ఆటలు ఆడింది. బెర్న్‌స్టీన్ 'వెస్ట్ సైడ్ స్టోరీ'ని దాటి టోనీ అవార్డు కొట్టింది. ఆవిడకీ ఒక టోనీ వచ్చింది. అందులోనే ఆవిడ పాడిన 'టిల్ దేర్ వాజ్ యు'ని 1963లో బీటిల్స్ తమ రికార్డులో పాడారు. 1962లో సినిమా తీసినప్పుడు మాత్రం మేరియన్ వేషం షిర్లీ జోన్స్‌కి వెళ్లింది. నాటకంలో పేరు తెచ్చుకున్నవాళ్లకి సినిమా చెయ్యిచ్చే తీరు మన దగ్గరా కొత్తేం కాదు, వదిలేద్దాం.

నాకు మాత్రం ప్రాణం 1963లో వచ్చిన 'షీ లవ్స్ మీ'. బుడాపెస్ట్‌లో ఒక సెంట్ల దుకాణం. అందులో పనిచేసే ఇద్దరికి ఒకరంటే ఒకరికి పడదు. రాత్రిళ్లు ఇద్దరూ ముఖం తెలియని స్నేహితుడికీ స్నేహితురాలికీ ఉత్తరాలు రాసుకుంటుంటారు. ఆ ఉత్తరాలు వీళ్లిద్దరివే. 'యూవ్ గాట్ మెయిల్' సినిమా చూసినవాళ్లకి కథ తెలుసు, రెంటికీ మూలం ఒకే హంగేరియన్ నాటకం. ఆ ఇద్దరిలో అమ్మాయి అమాలియా, ఆ వేషం బార్బరాది. ఆమె పాడే 'ఐస్‌క్రీమ్' పాట గురించి నేను గంట మాట్లాడగలను. ఇక్కడ అంత చోటివ్వరు.

అమాలియాకి ఒంట్లో బాగోలేదని దుకాణంలోని ఆ శత్రువు ఇంటికి చూడటానికి వస్తాడు, వెనిలా ఐస్‌క్రీమ్ పట్టుకుని. వచ్చి, నవ్వించి, వెళ్లిపోతాడు. ఆమె తన ఉత్తరాల స్నేహితుడికి ఉత్తరం రాయడానికి కూర్చుంటుంది. రాస్తుంది, పాడుతుంది. రెండు ముక్కలు రాసేసరికి ఆలోచన ఐస్‌క్రీమ్ మీదికి పోతుంది. మళ్లీ బలవంతాన ఉత్తరంలోకి వస్తుంది, కలం పట్టిన మనిషి గొంతుతో. మళ్లీ పోతుంది. పాట అంతా ఇంతే. ఉత్తరం వాక్యాలకి ఒక గొంతు, దాన్ని అడ్డుకుంటున్న మనసుకి ఇంకో గొంతు. ఆ రెండు గొంతులకీ మధ్య ఆవిడ గీత గీయదు. కలం ఆగినట్టు చిన్న విరామం ఇస్తుంది, అంతే. అందులో మనకి అంతా కనబడిపోతుంది. ఆఖర్న ఒక్క పై స్వరం. అప్పటిదాకా ఆమెకే తెలియని విషయం అప్పుడు తెలిసి, ఆ సంతోషం పట్టలేక పైకి లేచిన స్వరం అది. మా అమ్మాయి పట్టుకున్న పై షడ్జం లాంటిదే. కానీ దాని కింద ఒక ఐస్‌క్రీమ్ ఉంది, ఒక ఆగిపోయిన ఉత్తరం ఉంది.

ఆ నాటకానికి ఆడినన్నాళ్లు లాభం రాలేదు, 300 పైచిలుకు ఆటలకి దించేశారు. ఆ తర్వాత పదేళ్లు ఆవిడకి చెడ్డకాలం. 1965లో విడాకులు. వచ్చిన నాటకాలు నిలవలేదు, 1971లో 'ది గ్రాస్ హార్ప్' ఏడు ఆటలకే పోయింది. దేశమంతా గిటార్లు మోగుతున్నాయి, రంగస్థలం మీద అమాయకపు పిల్లల పాత్రలు ఎవరికీ అక్కర్లేదు. కావాలన్నా ఈవిడకి నలభై దాటాయి. తాగుడు మొదలైంది, దిగులు పట్టుకుంది, ఒళ్లు బాగా వచ్చింది. నాజూకు పిల్లగా చూసిన కళ్లు ఆ మనిషిని చూడటానికి ఒప్పుకోలేదు. మనకైతే అక్క, వదిన, అమ్మ అని మూడు మెట్లైనా ఉన్నాయి దిగడానికి. అక్కడ అవీ లేవు.

ఆ రోజుల్లో వాలీ హార్పర్ అనే పియానో వాద్యకారుడు పరిచయమయ్యాడు. ఆవిడకంటే చిన్నవాడు. నాటకం లేకపోతే లేదు, నువ్వు నువ్వుగా నిలబడి పాడు అని కచేరీల దారి పట్టించాడు. 1975 జనవరి 26న కార్నెగీ హాల్. 47 ఏళ్ల మనిషి, పక్కన పియానో, వేషం లేదు, కథ లేదు. మా అన్నయ్య తెచ్చిన సీడీ ఆ కచేరీదే. ఇక్కడ సినిమాల్లో లాగా ఆ రాత్రితో అంతా బాగుపడిపోయిందని రాయాలని నాకూ ఉంది. అలా జరగలేదు. తాగుడు మానడానికి ఆ తర్వాత ఇంకా టైం పట్టింది. బరువు జీవితాంతం ఆవిడతోనే ఉంది. హార్పర్‌తో జోడీ మాత్రం ముప్పై ఏళ్లు, 2004లో ఆయన పోయేదాకా నడిచింది.

1956 గొంతూ 1975 గొంతూ పక్కపక్కన పెట్టి వినడం నాకో అలవాటు. మొదటిది గాజు, ఎటు తిప్పినా మెరుస్తుంది. రెండోదాంట్లో కింది స్వరాలకి గింజ పట్టింది. పై స్వరాలు ఇంకా ఉన్నాయి, అవసరమైతేనే వెళ్తుంది. వెళ్లకుండా ఆగిన చోట్లు నాకు ఎక్కువ నచ్చుతాయి. ఎక్కడ మెలిక వేయగలదో మనకి తెలుసు, ఆవిడకీ తెలుసు, వేయదు. మాట చెప్పి ఊరుకుంటుంది.

దీన్ని సింప్లిసిటీ అని పొగుడుతుంటారు. నాకు ఆ పొగడ్త మీద చిన్న పేచీ ఉంది. ఒంటి మీద నగ లేనివాళ్లు అందరూ నగలు తీసినవాళ్లు కారు. కూనెగోండ్ నగలన్నీ పెట్టుకుని, వారానికి ఎనిమిదిసార్లు మోసి, ఆ తర్వాత ఒక్కోటీ తీసి పెట్టెలో పెట్టిన మనిషి ఆవిడ. పెట్టెలో ఉన్నాయని మనకి తెలుస్తూనే ఉంటుంది. ఈ తేడా చెప్పకుండా పిల్లలకి "సంగతులు తగ్గించు" అంటే, సాధన తగ్గించమన్నట్టు అర్థం చేసుకుంటారు. చేసుకున్నారు కూడా, మా ఇంట్లోనే.

తర్వాతి ఏళ్లలో జూలియార్డ్ లాంటి సంగీత విద్యాలయాల్లో ఆవిడ పాఠాలు చెప్పింది, జనం ముందు, ఒక్కో విద్యార్థినీ పిలిచి. వాటి వీడియోలు దొరుకుతాయి. బాగా తయారైన గొంతులు వస్తాయి. చేతులు చాపి, గదంతా నింపేస్తూ పాడతారు. ఆవిడ చివరిదాకా వింటుంది, మెచ్చుకుంటుంది. తర్వాత పక్కకొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. ఈసారి నాకు చెప్పు, నాకొక్కదానికే అంటుంది. మళ్లీ మొదలెడతారు. నువ్వు పాడుతున్నావు, నేను చెప్పమన్నాను అని ఆపుతుంది. నాలుగోసారికో అయిదోసారికో ఆ పిల్లల గొంతు సగానికి తగ్గుతుంది. మొహంలో భయం కనబడుతుంది. కొంతమందికి కళ్లలో నీళ్లు తిరుగుతాయి. నువ్వు ఉన్నట్టుగా ఉంటే చాలు, ఇంకేం తగిలించుకోనక్కర్లేదు అని ఆవిడ పదేపదే చెప్పే మాట. చెల్లెలి చావు మోసుకుంటూ పెరిగిన మనిషి నోటి నుంచి ఆ మాట వినడం నాకు ఎప్పుడూ అంత సులువుగా ఉండదు.

మన నాటకరంగంలో రాగమా, మాటా అనే ఈ గొడవ ఎప్పుడో జరిగింది. పద్యం చివర రాగం సాగదీసి వన్స్‌మోర్ కొట్టించుకునే రోజుల్లోనే బళ్లారి రాఘవ ఆ పద్ధతిని గట్టిగా కాదన్నారు, మాటలో భావం పలకాలని పట్టుబట్టారు. జనం మాత్రం వన్స్‌మోర్ మానలేదు. జనాన్నీ తప్పు పట్టలేను, మంచి రాగం పడితే నేనూ ఈల వేసే రకమే.

మధ్యలో ఒక సంగతి ఉంది, చెప్పకపోతే బార్బరా కుక్ మరీ దేవతలా కనబడుతుంది. 1988లో ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్‌లో 'క్యారీ' అనే నాటకానికి ఒప్పుకుంది, అదే, స్టీఫెన్ కింగ్ భయానక నవల. మొదటి రాత్రి సెట్టు ముక్క ఒకటి జరుగుతూ వచ్చి ఆవిడ తల తీసేసినంత పని చేసింది. రాజీనామా ఇచ్చి బయటపడింది. ఆ తర్వాత అది బ్రాడ్‌వేకి వెళ్లి అయిదు ఆటలకే మూతపడి, భారీ నష్టాలకి మారుపేరైంది. పాట ఎంచుకోవడం తెలిసినవాళ్లకి నాటకం ఎంచుకోవడం తెలియాలని లేదు.

2006లో న్యూయార్క్ మెట్రొపాలిటన్ ఒపేరా ఆవిడ చేత కచేరీ చేయించింది. అప్పటికి 78. 2011లో కెనెడీ సెంటర్ సత్కారం. 2017 ఆగస్టు 8న, 89 ఏళ్ల వయసులో, మన్‌హాటన్‌లో తన ఇంట్లోనే కన్నుమూసింది. ఆ చివరి ఏళ్ల కచేరీల్లో ఆవిడ ఒక పని చేసేది. ఆఖరి పాట ముందు మైకు పక్కన పెట్టేసేది. అంత పెద్ద హాలు, డెబ్బై దాటిన గొంతు. జనం ముందుకి వంగి కూర్చునేవాళ్లు. దగ్గు వచ్చినా ఆపుకునేవాళ్లట.

పోయిన ఆదివారం మా పిల్లల చేత ఆవిడ చెప్పిన 'నాకొక్కదానికే చెప్పు' పాఠం చేయిద్దామనుకున్నాను. ఆ తొమ్మిదో క్లాసు అమ్మాయిని నా ఎదురుగా కూర్చోబెట్టాను. శ్రుతి పెట్టె ఆపేశాను. పాటను ముందు మాటల్లో చెప్పమన్నాను, వాళ్ల అమ్మమ్మకి చెప్పినట్టు. సిగ్గుపడింది. "అమ్మమ్మకి ఇలాంటివి చెప్పను టీచర్" అంది. సరే, ఎవరికి చెబుతావో వాళ్లకే చెప్పు అన్నాను. కాసేపు ఆలోచించుకుంది. తలదించుకుని చెప్పింది. తర్వాత అదే గొంతుతో పాడమన్నాను.

"సంగతులు తీసేస్తే పోటీలో మార్కులు రావు టీచర్."

నిజమే. నా దగ్గర దానికి జవాబు లేదు. పోటీకి అన్నీ వేసి పాడు, ఇక్కడ మాత్రం ఇలా పాడు అన్నాను. తల ఊపింది. మొదలెట్టింది, చాలా సన్నగా. పైన ఫ్యాన్ టకటకమంటోంది, ఒక్క మాటా తెలియడం లేదు. "ఫ్యాన్ ఆపండ్రా" అన్నాను. ఎవరో లేచి స్విచ్ నొక్కారు. రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి. మే నెల, పదిన్నర. పల్లవి అయ్యేసరికి అందరి మొహాలూ చెమటతో నిగనిగలాడుతున్నాయి, ఎవరూ కదల్లేదు. చరణంలో ఒక మాట దగ్గర ఆ పిల్ల గొంతు కొంచెం ఆగింది. ఊపిరి చాలకో, సిగ్గేసో, ఇంకేదో. తర్వాత మాట పలికింది, పాట ముగించింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక కూర్చున్న బుడ్డోడు ఒక్కడు చెయ్యెత్తాడు.

"టీచర్, ఇప్పుడు ఫ్యాన్ వేసుకోవచ్చా?"